అందరి చేతికీ అందే కానుక

పటాన్‌చెరు దగ్గరి మా ఇంద్రేశంలో ఇప్పుడు గిఫ్ట్ షాపులు ఎక్కువయ్యాయి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు అపార్ట్‌మెంట్లయ్యాయి. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం కంపెనీల్లో పనిచేసే కుటుంబాలతో అద్దె ఇళ్లు నిండాయి. ఏ వారం చూసినా ఎవరింట్లోనో పుట్టినరోజు, తొట్టెల, గృహప్రవేశం. షాపులోకి అడుగు పెట్టగానే ఎదురయ్యే మొదటి మాట ఒకటే. "బాబుకా, పాపకా మేడం?" కౌంటర్ దగ్గర బిహార్ పిల్లవాడుంటే "లడ్కా హై యా లడ్కీ?" అంటాడు. వయసెంతో ఆ తర్వాత అడుగుతారు, ఎంతలో కావాలో ఇంకా తర్వాత. ఆ బిడ్డకు ఏమిష్టం అన్న మాట మాత్రం రాదు. బాబు అంటే చేయి నీలం గోడ వైపు పోతుంది, అక్కడ కార్లు, తుపాకులు, క్రికెట్ బ్యాట్లు. పాప అంటే గులాబీ గోడ వైపు, అక్కడ బొమ్మలు, మేకప్ సెట్లు, వంటింటి సామాన్లు. పెన్సిల్ బాక్సులు, నీళ్ల బాటిళ్లు కూడా రెండు రంగుల్లో విడిపోయి ఉంటాయి. దాహానికి ఆడామగా ఉందా? పలక మీద అక్షరానికి ఉందా? చాలా రోజులుగా ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

మా పై అంతస్తులో ఒక మూడేళ్ల పాప ఉంది. పొద్దున లేస్తూనే బాల్కనీ కమ్మీలు పట్టుకుని నిలబడి ఎదురుగా తవ్వుతున్న జేసీబీని చూస్తుంది. దాని చేయి లేస్తే తన చేయి లేపుతుంది, అది మట్టి కుమ్మరిస్తే తానూ చప్పుడు చేస్తుంది. ఆ పిల్ల పుట్టినరోజుకు జేసీబీ బొమ్మ చూపించమంటే, షాపాయన "పాప జేసీబీతో ఏం చేస్కుంటది మేడం?" అన్నాడు. ఆ మాటలో ఎగతాళి లేదు. కొన్నవాళ్లు ఇంటికి వెళ్లి మాట పడకూడదని, మళ్లీ మార్చుకోవడానికి రాకూడదని అతని జాగ్రత్త. అంటే ఆ నీలం, గులాబీ గోడలను అతనొక్కడే కట్టలేదు. కొనేవాళ్లం, తెచ్చేవాళ్లం, పుచ్చుకున్నాక ముఖం చిట్లించేవాళ్లం, అందరం కలిసి కట్టాం. ఇంద్రేశంలో పుట్టి పెరుగుతున్న బిడ్డకు కళ్ల ముందు రోజంతా కదిలే పెద్ద వస్తువు జేసీబీయే కదా! అది ఆమె లోకం. ఆ లోకాన్ని చిన్నది చేసి చేతిలో పెడితే సంతోషించకుండా ఎలా ఉంటుంది?

ఈ రంగుల సంగతి ప్రకృతి చేసిందని చాలామంది అనుకుంటారు. జో పావొలెట్టి అనే అమెరికన్ పరిశోధకురాలు 2012లో గులాబీ, నీలం రంగుల చరిత్ర మీద ఒక పుస్తకం రాశారు. దాని గురించి తెలుసుకున్నాక ఆ భ్రమ నాకు పూర్తిగా పోయింది. 1918లో అక్కడి పిల్లల బట్టల వ్యాపారుల పత్రిక ఒకటి, గులాబీ గట్టి రంగు కనుక మగపిల్లలకు, నీలం సున్నితమైనది కనుక ఆడపిల్లలకు అని రాసిందట. అంటే ఇప్పటికి సరిగ్గా తిరగేసి! అమెరికా అధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ రెండున్నరేళ్ల వయసులో, 1884లో, తెల్ల గౌనులో, భుజాల దాకా ఉన్న జుట్టుతో దిగిన ఫోటో ఉంది. ఆ రోజుల్లో అక్కడి చిన్న మగపిల్లలు చాలామంది అలాగే ఉండేవాళ్లు. ఎవరూ వింతగా చూడలేదు. వందేళ్లలో తలకిందులైన అలవాటును మన షాపుల గోడలు అనాది ధర్మంలా నిలబెట్టుకున్నాయి.

అంత దూరం వెళ్లడమెందుకు, మన ఇళ్లలోనే చూడొచ్చు. మా నాయనమ్మ కాలంలో పుట్టిన బిడ్డకు పురుడు వెళ్లేదాకా కొత్త బట్ట కట్టేవాళ్లు కాదు. తాత పాత పంచె, అమ్మమ్మ పాత చీర చింపి, ఉతికి, ఎండబెట్టి చుట్టేవాళ్లు. ఎన్నో ఉతుకులకు మెత్తబడిన ఆ గుడ్డే బిడ్డ ఒంటికి మంచిదని వాళ్ల నమ్మకం. అది పంచె ముక్కా, చీర ముక్కా అని చూసినవాళ్లు లేరు. నల్లగాజులు ఆడపిల్లకూ మగపిల్లవాడికీ ఇద్దరికీ వేశారు, బుగ్గన దిష్టిచుక్క ఇద్దరికీ పెట్టారు, కాళ్లకు గజ్జెలు ఇద్దరికీ కట్టారు. వేములవాడకో, యాదగిరిగుట్టకో పుట్టువెంట్రుకలు తీయించడానికి బయలుదేరే ముందు, మగపిల్లవాడి జుట్టు జడ అల్లి, పూలు పెట్టి, లంగా కట్టి, ఫోటో స్టూడియోకు తీసుకుపోయిన ఇళ్లు ఎన్ని లేవు! ఆ ఫోటోలు ఇప్పటికీ మన గోడల మీదున్నాయి. ఆ పిల్లలు పెద్దవాళ్లై, మీసాలొచ్చి, షిఫ్టుల్లో మిషన్లు నడుపుతున్నారు. జడ వేసుకున్నందుకు వాళ్లకు పోయిందేమీ లేదు. పసితనాన్ని పసితనంగా చూడగలిగిన చూపు మనకు ఒకప్పుడు ఉంది. అది ఎక్కడ జారిపోయింది?

ఇది ఆలోచిస్తుంటే నాకు కేసీఆర్ కిట్ గుర్తొస్తుంది. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన ఆ పెట్టె, సర్కారు దవాఖానాలో కాన్పయిన తల్లులకు ఒకేలా ఇచ్చేవాళ్లు. బిడ్డకు సబ్బు, నూనె, పౌడర్, దోమతెర, ఆట బొమ్మలు, తల్లికి చీరలు. కొడుకు పుట్టినా కూతురు పుట్టినా పెట్టె మారలేదు. మారింది డబ్బు ఒక్కటే. మగబిడ్డకు విడతలుగా 12,000, ఆడబిడ్డకు 13,000 రూపాయలు. ఆ అదనపు వెయ్యి గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. తేడా చూపకపోవడమే న్యాయమైతే ఆ వెయ్యి ఎందుకు? కూతురు పుట్టిందని దవాఖానా వరండాలో ముఖాలు వేలాడేసుకున్న బంధువులు ఉన్నంతకాలం, ఆ వెయ్యి అవసరమే అనిపిస్తుంది. ఒకేలా ఇవ్వడం ఒక న్యాయం. ఒకవైపు ఒరిగిపోయిన తక్కెడను సరిచేయడానికి కొంచెం ఎక్కువ ఇవ్వడం ఇంకో న్యాయం. రెండూ తెలిసి ఇస్తేనే కానుక.

బొమ్మల దగ్గరికి వస్తే నాకు ఏటికొప్పాక కళ్లముందు మెదులుతుంది. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో అంకుడు కర్రను తిప్పుడు యంత్రం మీద చెక్కి, లక్క రంగులు పట్టిస్తారు. గింజలు, ఆకులు, వేర్ల నుంచి తీసిన సహజ రంగులను అక్కడ మళ్లీ నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. బొంగరాలు పుట్టేది ఆ యంత్రం మీదే, లక్కపిడతలు పుట్టేదీ ఆ యంత్రం మీదే. అదే కర్ర, అదే చేయి, అదే పసుపు రంగు. చెక్కేవాడి దగ్గర విడిపోనివి ఇంటికి చేరగానే విడిపోతాయి. బొంగరం అన్నకు, పిడతలు చెల్లెలికి. మా చిన్నప్పుడు మట్టి గురుగులు ఉండేవి. వేపచెట్టు కింద నేనూ మా తమ్ముడూ ఇసుక బియ్యం, ఆకుల కూర వండి ఇంటిల్లిపాదికీ వడ్డించేవాళ్లం. వాడు నాకంటే శ్రద్ధగా వండేవాడు, పొయ్యి రాళ్లు సరిచేసేవాడు. ఒకనాడు ఇంటికొచ్చిన చుట్టం ఒకాయన "ఏందిరా, ఆడపిల్ల లెక్క గురుగులాట?" అన్నాడు. వాడు ఆ తర్వాత గురుగులు ముట్టలేదు. నా చేతికి బొంగరం దొరికినప్పుడు మాత్రం ఎవరూ అంత మాట అనలేదు. "మొగరాయుడు" అని నవ్వారు, ఆ నవ్వులో కాస్త మెప్పు కూడా ఉంది.

ఇక్కడే మనం సగం దారిలో ఆగిపోయామని నాకనిపిస్తుంది. ఆడపిల్లకు సైకిల్ కొంటున్నాం, బ్యాటు కొంటున్నాం, కరాటే క్లాసుకు పంపుతున్నాం. సంతోషం. మగపిల్లవాడికి వంట సామాన్ల బొమ్మ కొంటున్నామా? ఒళ్లో వేసుకుని జోకొట్టే పాప బొమ్మ ఇస్తున్నామా? మగపిల్లల వస్తువు ఆడపిల్లకు ఇస్తే పైకి ఎక్కినట్టు, ఆడపిల్లల వస్తువు మగపిల్లవాడికి ఇస్తే కిందికి దిగినట్టు అనుకున్నంతకాలం, ఇచ్చే వస్తువు మారినా మనసులోని మెట్లు మారలేదన్నమాటే. వండటం, ఊడ్చటం, పసివాళ్లను సాకడం తక్కువ పనులని మనమే ఆ బొమ్మల ద్వారా చెప్తున్నాం. రెండు షిఫ్టుల మధ్య గదిలో తామే అన్నం వండుకుని డబ్బా కట్టుకుపోయే కుర్రాళ్లు ఇంద్రేశంలో ఎంతోమంది ఉన్నారు. ఒడిశా నుంచి, బిహార్ నుంచి, మన పాలమూరు నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల చేతికి చిన్నప్పుడు ఎవరైనా గురుగులు ఇచ్చి ఉంటే, మొదటి నెలల్లో అంత అవస్థ పడేవాళ్లా?

పెళ్లి కానుకలు ఇంకో తీరు. మిక్సీలు, కుక్కర్లు, పేర్లు కొట్టించిన స్టీలు గిన్నెలు. పైకి చూస్తే ఇవి ఇద్దరికీ, ఇంటికీ ఇచ్చినవి. గిన్నెకు ఆడామగా ఏముంది? కానీ ఆ గిన్నె తోమేదెవరు? ఆ మిక్సీ చప్పుడు పొద్దున ఐదింటికి ఎవరి చేతి కింద మొదలవుతుంది? వరకట్న నిషేధ చట్టం 1961 నుంచి ఉంది. దాని కింద 1985లో వచ్చిన నియమాలు పెళ్లిలో వచ్చిన కానుకలకు రెండు జాబితాలు రాసి ఉంచమంటాయి, వధువుకు వచ్చినవి ఒకటి, వరుడికి వచ్చినవి ఒకటి. ఎంతమంది రాస్తారో గానీ, నాకు ఆ నియమం మంచి ఆలోచన పుట్టించింది. మనం ఇచ్చిన గ్రైండర్ ఏ జాబితాలోకి వెళ్తుంది? ఆమెకు అనుకుని ఇచ్చామా, అతనికి అనుకుని ఇచ్చామా? ఆమెకు అనుకుని ఇస్తే అది కానుక పేరుతో అప్పజెప్పిన పని. ఒక వస్తువు ఆడదో మగదో రంగును బట్టి తేలదు, అది ఎవరి రోజులో పని పెంచుతుంది, ఎవరి రోజులో తీరిక పెంచుతుంది అన్నదాన్ని బట్టి తేలుతుంది. దీపావళికి మా చుట్టుపక్కల కంపెనీల్లో కార్మికులకు దుప్పటో, ఫ్లాస్కో, టిఫిన్ క్యారియరో ఇస్తారు. ఆడ కార్మికురాలికీ మగ కార్మికుడికీ ఒకటే డబ్బా. లైన్లో నిలబడి అందుకునేటప్పుడు ఇద్దరూ పనివాళ్లే. ఇల్లు చేరాక ఆ డబ్బా నింపే బాధ్యత మాత్రం ఒకరి మీదే పడుతుంది. అందుకే ఒకేలాంటి వస్తువు ఇవ్వగానే పని అయిపోదు.

ఇంకొంచెం లోపలికి వెళ్తే పెద్ద కానుకల సంగతి వస్తుంది. ఈ నేల మీద గజం ధర పెరిగినకొద్దీ కొడుక్కి ప్లాటు, కూతురికి బంగారం అనే పంపకం గట్టిపడింది. పసుపు కుంకుమల కింద కొంత భూమి రాసిచ్చిన పెద్దలు మన ఊళ్లలో ఉన్నారు, వాళ్లకు దండం పెట్టాలి. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చట్ట సవరణ వచ్చింది 1986లో, దేశమంతటికీ వచ్చింది 2005లో. అయినా రిజిస్ట్రేషన్ ఆఫీసుకు ఆడబిడ్డను పిలిచేది చాలాసార్లు హక్కు వదులుకున్నట్టు సంతకం పెట్టించడానికే. చిన్నప్పుడు ఆమెకు ఇచ్చిన బొమ్మ ఇల్లు గులాబీ రంగుది. పెద్దయ్యాక అసలు ఇల్లు ఎవరి పేరు మీదుందో చూస్తే ఆ రెండు గోడల షాపు ఎంత దూరం పాకిందో తెలుస్తుంది.

ఇంతా అనుకున్నాక నాకే ఒక సందేహం వస్తుంది. అన్నీ సమానం చేస్తామని రుచీ పచీ లేని కానుకల వైపు పోతున్నామా? ఎవరికీ చెందని బూడిదరంగు మగ్గు, గోడ గడియారం, ఫోటో ఫ్రేము ఇస్తే అది అందరికీ సరిపోతుంది, ఎవరినీ తాకదు. మా అమ్మ పోసిన ఒడిబియ్యం నాకు గుర్తుంది. బియ్యంలో పసుపు, కుడుకలు, పోకలు, ఖర్జూరాలు, మీద చీర, రవికె కనుము. ఆ బరువు ఒళ్లో పడ్డప్పుడు నా కళ్లు నిండాయి. అది కూతురికి మాత్రమే ఇచ్చేదని తెలిసీ నాకు కోపం రాలేదు, ఇప్పటికీ రాదు. అమ్మ అందులో నన్నే చూసింది. గాజులంటే ప్రాణమిచ్చే పిల్లకు గాజులు కొనాలి. లారీలంటే ఇష్టపడే పిల్లవాడికి లారీ కొనాలి. ఆ ఇష్టం ఆ మనిషిదైతే చాలు. నేను వద్దనేది మనిషిని చూడకముందే కానుకను ఖాయం చేయడం. మంచి కానుకకు రంగు ఉండొచ్చు, సువాసన ఉండొచ్చు, పిచ్చి ఇష్టమూ ఉండొచ్చు. అది పుచ్చుకునేవాళ్ల మనసులోంచి రావాలి.

అలాంటి కానుకలు మనకు కొత్త కాదు. 1945లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 'బాల' పత్రిక మొదలుపెట్టారు. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యగా తెలుగు పిల్లలందరికీ తెలిసిన ఆ ఇద్దరూ ఆటకూ పాటకూ పిల్లలందరినీ కలిపే పిలిచారు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్ల 'చందమామ' వచ్చింది. ఆ పత్రికకు చందా కట్టిన ఇంట్లో అన్న ముందా, చెల్లెలు ముందా అని కొట్లాట జరిగింది గానీ, ఇది ఎవరి కోసం వేశారన్న అనుమానం రాలేదు. పిల్లలు చదివాక తాత చదివాడు, మధ్యాహ్నం నాయనమ్మ చదివించుకుని విన్నది. ఒక కథల పుస్తకం, రంగు పెన్సిళ్లు, చదరంగం బల్ల, వామనగుంటల పీట, పతంగి, భూతద్దం, ఒక మామిడి మొక్క, పెద్దవాళ్లకైతే ఒంటికి వెచ్చని శాలువా, చేతికి మంచి కర్ర, చీకట్లో బాత్రూంకు వెళ్లడానికి చిన్న లైటు. వెతికితే ఇలాంటివి పటాన్‌చెరు బజారు నిండా ఉన్నాయి. వెతికే ముందు ఆ మనిషితో కాసేపు గడపాలి, అదే అసలు ఖర్చు.

నేను ఈ మాటలన్నీ రాయడానికి మూలం మా చిన్నమ్మ. ఆమె మా అమ్మకు చెల్లెలు. చిన్నాయన పోయాక ఒంటిచేత్తో ఇద్దరు పిల్లలను పెంచింది. గృహప్రవేశాలప్పుడు భోజనాలయ్యాక ఆడవాళ్లను వరుసగా కూర్చోబెట్టి బొట్టు పెట్టి, కనుము, గాజులు, కుంకుమ భరిణె చేతికిస్తారు. మగవాళ్లకు చాలాచోట్ల ఏమీ ఉండదు, ఉంటే ఒక టవలు. ఆ వరుస మొదలవుతుందనగానే చిన్నమ్మ లేచి వంటవాళ్ల దగ్గరికి పోతుంది, నీళ్ల గ్లాసులు సర్దుతుంది, ఏదో పని వెతుక్కుంటుంది. ఎవరూ పొమ్మనరు. ఇచ్చే వస్తువే ఆమెను పంపేస్తుంది. ఆడవాళ్లకు అని మనం అనుకునే కానుక నిజానికి ఆడవాళ్లందరికీ కూడా కాదు, భర్త ఉన్న ఆడవాళ్లకు. ఆ పళ్లెం ముందు ఆమె వయసు, ఆమె కష్టం, ఆమె ప్రేమ ఏదీ లెక్కకు రాదు. కొత్త ఇంటికి దీవెనలివ్వడానికి హిజ్రాలూ వస్తారు. మూడో జెండర్‌గా వాళ్లను సుప్రీంకోర్టు గుర్తించింది 2014లో. దీవెన పుచ్చుకుంటాం, నోటు చేతిలో పెట్టి గుమ్మం నుంచే పంపిస్తాం. కూర్చోబెట్టి అందరికీ ఇచ్చే సంచి వాళ్లకూ ఇద్దామన్న ఆలోచన రాదు, ఎందుకంటే మన దగ్గరున్న రెండు రకాల సంచుల్లో వాళ్లకు చోటు లేదు.

మా ఇంటి గృహప్రవేశానికి ఒకటే రకం సంచి కుట్టించాం. ఖరీదైన బట్ట మా వల్ల కాదు, మామూలు నూలు గుడ్డ సంచే. లోపల ఒక పండు, ఒక స్టీలు డబ్బా, ఒక కరివేపాకు మొక్క. వచ్చిన పెద్దాయనకూ అదే, ఆయన మనవరాలికీ అదే, తాపీ పని చేసినవాళ్లకూ అదే, మా చిన్నమ్మకూ అదే. పసుపు కుంకుమ పళ్లెం పక్కనే పెట్టాం, ఇష్టమున్నవాళ్లు తామే తీసుకున్నారు. చిన్నమ్మ ఆ రోజు లేచి వెళ్లలేదు. సంచిలోకి తొంగిచూసి "మొక్క బాగుంది బిడ్డా, మా పెరట్ల పెడ్త" అన్నది. నా మనసు నిండటానికి ఆ మాట చాలు.

మీ ఇంట్లో రేపు తొట్టెల వేడుకో, పెళ్లో, గృహప్రవేశమో ఉంటుంది. పిలిచే పేర్ల పట్టిక రాసుకున్న కాగితం మీదే, ఇవ్వబోయే కానుక పేరు కూడా రాయండి. ఒక్కొక్క పేరు దగ్గర ఆగి, ఈ మనిషి ఈ వస్తువును తల దించుకోకుండా అందరి ముందూ అందుకోగలరా అని చూడండి. పిలిచినవాళ్లలో ఏ ఒక్కరు అందుకోలేకపోయినా, దయచేసి కానుక మార్చండి.